టెక్సాస్ క్యాపిటల్ భవనం: ఆస్టిన్ వచ్చినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు ఆస్టిన్ పక్కనే, రౌండ్‌రాక్‌లో. ఇండియా నుంచి ఎవరొచ్చినా, డల్లాస్ నుంచి చుట్టాలు దిగినా మొదటి శనివారం క్యాపిటల్‌కే తీసుకెళ్తాను. ఎన్నిసార్లు వెళ్లినా అవే డౌట్లు. ఒకసారి రాసి పెట్టేస్తే లింకు పంపి ఊరుకోవచ్చని ఇది తయారు చేశాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

క్యాపిటల్ అంటే రాజధాని కదా? మరి భవనాన్ని క్యాపిటల్ అంటారేంటి?

తెలుగులో రెండూ ఒకేలా పలుకుతాం కాబట్టి ఈ తికమక. ఇంగ్లీషులో రాజధాని నగరానికి ఒక స్పెల్లింగు, చట్టసభ భవనానికి ఇంకో స్పెల్లింగు. చివరి అక్షరాల్లో తేడా ఉంటుంది. భవనం పేరు రోమ్ నగరంలో జూపిటర్ గుడి ఉన్న కాపిటోలైన్ కొండ నుంచి వచ్చింది. టెక్సాస్‌కు రాజధాని ఆస్టిన్. ఆ ఊళ్లో అసెంబ్లీ, సెనేట్, గవర్నర్ ఆఫీసు ఉన్న భవనం క్యాపిటల్. మన లెక్కలో అసెంబ్లీ, సచివాలయంలో కొంత భాగం కలిపి ఒకే కప్పు కింద పెట్టారనుకోండి.

వాషింగ్టన్‌లో క్యాపిటల్ చూసేశాం. ఇది దానికి నకలే కదా, మళ్లీ చూడాలా?

దూరం నుంచి చూస్తే నకలే అనిపిస్తుంది. మధ్యలో గోపురం, అటూ ఇటూ రెండు రెక్కలు, ఒక రెక్కలో సెనేట్, ఇంకో రెక్కలో ప్రతినిధుల సభ. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు వాషింగ్టన్‌ను చూసి గోపురాలు కట్టుకున్నవే. దగ్గరికెళితే తేడా తెలుస్తుంది. అక్కడ తెల్లదనం, ఇక్కడ ఎర్ర గ్రానైట్. అక్కడ ముందే టైమ్ బుక్ చేసుకుని గుంపులో నడవాలి, ఇక్కడ ఎవరికి వాళ్లు బాల్కనీల దాకా తిరగొచ్చు. నా మాట అడిగితే, టెక్సాస్ భవనం కట్టించిన కథ వాషింగ్టన్ దానికన్నా రంజుగా ఉంటుంది.

వాషింగ్టన్ భవనం కన్నా ఇదే ఎత్తని టెక్సాస్ వాళ్లు గొప్పలు చెప్తారు. నిజమేనా?

నిజమే. వాషింగ్టన్ క్యాపిటల్ ఎత్తు 288 అడుగులు. ఇది దక్షిణం వైపు నేల నుంచి, గోపురం మీదున్న దేవత విగ్రహం చేతిలోని నక్షత్రం కొస దాకా 302 అడుగుల పైమాటే. అలాగని అమెరికా రాష్ట్రాల్లో ఇదే ఎత్తయినది కాదు. పక్కనున్న లూసియానా వాళ్లది 34 అంతస్తులు, 450 అడుగులు. ఇల్లినాయ్ భవనం కూడా దీన్ని మించే ఉంటుంది. టెక్సాస్ వాళ్లు ఆ రెండింటి ఊసెత్తరు. మొత్తం నేల విస్తీర్ణం లెక్కలో మాత్రం రాష్ట్రాల భవనాల్లో మొదటి వరుస దీనిదే.

ఇంత పెద్ద భవనానికి దక్షిణ ముఖమా? వాస్తు చూసుకోలేదా?

మా మామగారు మెట్ల దగ్గర నిలబడి మొదట అడిగింది ఇదే. ఇది వాస్తు లెక్క కాదు, ఊరి ప్లాను లెక్క. 1839లో టెక్సాస్ ఇంకా సొంత దేశంగా ఉన్నప్పుడు, వాటర్‌లూ అనే చిన్న పల్లె ఉన్న చోట కొత్త రాజధానికి ఎడ్విన్ వాలర్ ప్లాను గీశాడు. దక్షిణాన కొలరాడో నది, ఉత్తరాన గుట్ట, రెండింటినీ కలుపుతూ వెడల్పాటి కాంగ్రెస్ అవెన్యూ. గుట్ట మీద ప్రభుత్వ భవనం ఉంటే అది వీధి వైపు, నది వైపు చూడాలి. అందుకే దక్షిణం. ఈ కొలరాడో గ్రాండ్ కాన్యన్ దగ్గర కనిపించే నది కాదు. పేరొకటే, నదులు వేరు. గోపురం మీది దేవత మెక్సికో మీద నిఘాకే దక్షిణానికి తిరిగిందని ఒక జోకు చెప్తుంటారు, అంతవరకే.

## కట్టకముందు, కట్టేటప్పుడు

ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?

1853 నాటి సున్నపురాయి క్యాపిటల్ ఉండేది. 1881 నవంబరు 9న కాలిపోయింది. చలికి పొయ్యి పెట్టి దాని గొట్టాన్ని గోడలోకి తప్పుగా దింపారు, అక్కణ్నుంచి అంటుకుంది. అప్పటికే కొత్త భవనానికి డిజైన్ ఎంపికై ఉంది. మంట వల్ల తొందర పెరిగింది, అంతే. మధ్యలో కొన్నేళ్లు సర్కారు నడవడానికి 11వ వీధి, కాంగ్రెస్ అవెన్యూ మూల మీద తాత్కాలిక భవనం కట్టారు. అదీ 1899లో కాలిపోయింది. దాని పునాది రాళ్లు ఇప్పటికీ ఆ మూల మీద కనిపిస్తాయి. చాలామంది వాటి పక్కనే నిలబడి క్యాపిటల్‌తో సెల్ఫీ తీసుకుంటారు, కిందికి చూడరు.

డబ్బు ఇవ్వకుండా భూమి ఇచ్చి కట్టించారంటారు. ఎంత భూమి?

30 లక్షల ఎకరాలు. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా మొత్తం తీసి ఒక కాంట్రాక్టరు చేతిలో పెట్టినట్టు. అప్పట్లో టెక్సాస్ ఖజానాలో డబ్బు లేదు, భూమి మాత్రం కొల్లలు. 1876 రాజ్యాంగంలోనే క్యాపిటల్ కోసం రాష్ట్రం పైభాగంలోని పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో ఈ భూమి పక్కన పెట్టారు. సర్వే ఖర్చుకని ఇంకో 50,000 ఎకరాలు అదనం. 1882లో పని మొదలైంది. కాంట్రాక్టు చేతులు మారి చివరికి షికాగో వ్యాపారులకు చేరింది. అబ్నర్ టేలర్, ఏమస్ బాబ్‌కాక్, ఫార్వెల్ సోదరులు అందులో ముఖ్యులు.

భవనానికి అయింది దాదాపు 37 లక్షల డాలర్లు. అంటే ఎకరా డాలరు పావుకు అటూ ఇటూ. ఇప్పుడు చూస్తే దోపిడీలా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు, కొనేవాడూ లేడు. షికాగో వాళ్లకు కూడా చేతిలో నేల ఉందే గానీ డబ్బు లేదు. అందుకే లండన్‌లో పెట్టుబడి పోగుచేసి ఆ నేల మీద పశువుల్ని పెంచారు. అదే పేరుమోసిన ఎక్స్ఐటీ ర్యాంచ్. పది కౌంటీల్లో పరుచుకున్న మేత భూమి, లక్షన్నర దాకా పశువులు, వేల మైళ్ల ముళ్లతీగ. పశువుల వ్యాపారం కలిసిరాక తర్వాత ముక్కలు చేసి అమ్మేశారు. చివరి మంద అమ్ముడుపోయింది 1912లో.

ఇది మన అమరావతి ల్యాండ్ పూలింగ్ లాంటిదేనా?

ఆంధ్రా నుంచి వచ్చిన ప్రతి బృందంలో ఒకరైనా అడుగుతారు. రెండిట్లోనూ డబ్బు బదులు భూమి పనిచేసింది గానీ, నడిచిన తీరు తలకిందులు. అమరావతిలో రైతులు సొంత పొలాలు ప్రభుత్వానికిచ్చి, అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి తీసుకునే ఒప్పందం. టెక్సాస్‌లో ప్రభుత్వమే తన పేరున ఉన్న భూమిని కాంట్రాక్టరుకు ఇచ్చింది. పైగా ఆ భూమి రాజధాని దగ్గర కాదు, వందల మైళ్ల అవతల. ఆ నేలలో కొమాంచీ, కయోవా తెగల వాళ్లు తరతరాలుగా తిరిగారు. 1870ల యుద్ధాల తర్వాత వాళ్లను అక్కణ్నుంచి తరిమేశారు. 'ఖాళీ భూమి' అనే మాట వెనక ఆ సంగతి ఉంది.

డిజైన్ ఎవరిది? టెక్సాస్ మనిషేనా?

కాదు, డెట్రాయిట్‌కు చెందిన ఎలైజా మయర్స్. పోటీ పెట్టి 1881లో ఎంపిక చేశారు. మిషిగన్ రాష్ట్రం క్యాపిటల్ అప్పటికే అతను కట్టాడు, తర్వాత కొలరాడోదీ అతనిదే. అలా మూడు రాష్ట్రాల క్యాపిటళ్లు గీసిన ఆర్కిటెక్ట్. పాత ఇటాలియన్ మేడల తరహాను తిరగతోడిన శైలి ఇది. బరువైన రాతి అడుగు, పైన వరసగా ఆర్చీ కిటికీలు. మనిషితో వేగడం మాత్రం కష్టమనే పేరుంది. టెక్సాస్ అధికారులతో గొడవపడి పని పూర్తికాకముందే 1886లో తప్పుకోవాల్సి వచ్చింది.

ఈ ఎర్ర రాయి ఎక్కడిది? రంగు వేశారా?

రంగు కాదు, రాయే అంత. ఆస్టిన్‌కు వాయవ్యాన మార్బుల్ ఫాల్స్ దగ్గరి గ్రానైట్ మౌంటెన్ నుంచి తెచ్చారు. చీమకుర్తి నల్ల గ్రానైటు చూసిన కంటికి ఇది గులాబీ అనిపిస్తుంది, సాయంత్రం ఎండలో నిజంగానే ఎరుపెక్కుతుంది.

మొదట అనుకున్నది ఇది కాదు. ఆస్టిన్ పక్కనున్న సున్నపురాయితో కడదామనుకున్నారు. కోసి బయట పెట్టాక రాతిలోని ఇనుప ఖనిజానికి గాలి, తేమ తగిలి తుప్పు మరకలు తేలాయి. కాంట్రాక్టరు ఇండియానా రాష్ట్రం నుంచి రాయి తెస్తానన్నాడు. గవర్నర్ జాన్ ఐర్లండ్ ఒప్పుకోలేదు, టెక్సాస్ భవనానికి టెక్సాస్ రాయే ఉండాలన్నాడు. అప్పుడు గ్రానైట్ మౌంటెన్ యజమానులు రాయి ఉచితంగా ఇస్తామన్నారు. ఉచితమే గానీ అది ఉక్కులాంటి రాయి, చెక్కడం, మోయడం బ్రహ్మాండమైన ఖర్చు. బర్నెట్ నుంచి గుట్ట దాకా కొత్తగా రైలు పట్టాలు వేయాల్సి వచ్చింది. 15,000 పైచిలుకు వ్యాగన్ల రాయి దిగింది. అంత గట్టి రాయి మీద నగిషీలు కుదరవు కాబట్టి మయర్స్ గీసిన అలంకారాల్లో చాలావాటిని తగ్గించేశారు. నాకైతే ఆ తగ్గింపే భవనానికి అందం తెచ్చిందనిపిస్తుంది. మరకల సున్నపురాయి వృథా పోలేదు, బయటికి కనిపించని గోడల్లో ఉంది.

ఖైదీలతో కట్టించారని విన్నాం. నిజమా?

క్వారీ పని చాలావరకు ఖైదీలే చేశారు. రాష్ట్రం తన జైళ్ల నుంచి వందల మందిని కాంట్రాక్టరుకు అప్పగించింది. కూలి లెక్కలో అతనికి పెద్ద ఆదా. ఇది కూలి రేట్లను దెబ్బతీస్తుందని గ్రానైట్ పనివాళ్ల యూనియన్ ఈ పనిని బహిష్కరించింది. రాయి చెక్కే నేర్పు ఖైదీలకు లేదు, నేర్పున్నవాళ్లు రాలేదు. దాంతో 1886లో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ నుంచి 62 మంది రాతిపనివాళ్లను ఓడెక్కించి తెచ్చారు. విదేశీ కూలీలను ముందే ఒప్పందం రాసుకుని తీసుకురాకూడదని అంతకు ముందు ఏడాదే అమెరికా చట్టం చేసి ఉంది. కేసు పడింది, కాంట్రాక్టరుకు 64,000 డాలర్ల జరిమానా పడి, చివరికి 8,000 డాలర్లకు తగ్గింది. హెచ్1బీ మీద వచ్చిన మా బ్యాచ్‌కు ఈ భాగం చెప్తే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కట్టిన కొత్తలోనే కప్పు కారిందట?

కారింది. 1888 ఏప్రిల్ 21న జనానికి తెరిచారు, మే నెలలో వారం రోజుల పండగ చేశారు. ఆ సందట్లోనే వాన పడి రాగి రేకుల కప్పు కారింది. మరమ్మతు చేస్తేగానీ స్వాధీనం చేసుకోమని రాష్ట్రం భీష్మించింది. కాంట్రాక్టరు సరిచేశాక, ఆ డిసెంబరులో ప్రభుత్వం భవనాన్ని ఒప్పుకుంది. కొత్త అపార్ట్‌మెంట్‌లో బిల్డరుతో ఈ పంచాయితీ పడినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

## లోపలికి వెళ్లాక

గోపురం కింద నేల మీద స్పెయిన్, ఫ్రాన్స్ ముద్రలు ఎందుకున్నాయి?

టెక్సాస్ మీద ఆరు జెండాలు ఎగిరాయి కాబట్టి. స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, 1836 నుంచి 1845 దాకా స్వతంత్ర టెక్సాస్ గణతంత్రం, అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలిచిన దక్షిణ రాష్ట్రాల కూటమి, అమెరికా. మధ్యలో గణతంత్రం నక్షత్రం, చుట్టూ మిగతా అయిదు ముద్రలు. 1936లో టెక్సాస్ స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండినప్పుడు ఈ టెరాజో నేల (రాతి ముక్కలు పొదిగి నునుపు చేసిన గచ్చు) వేశారు. డల్లాస్ పిల్లలకు తేలిగ్గా చెప్పాలంటే, ఆర్లింగ్టన్‌లో రోలర్ కోస్టర్లెక్కే సిక్స్ ఫ్లాగ్స్ పేరు ఈ ఆరు జెండాలదే.

నక్షత్రం మధ్యలో నిలబడి అందరూ చప్పట్లు కొడుతుంటారు. ఎందుకు?

ప్రతిధ్వని కోసం. గోపురం లోపలి వంపు శబ్దాన్ని మళ్లీ ఆ మధ్య చోటికే తిప్పి పంపుతుంది. సరిగ్గా నడుమ నిలబడి మామూలుగా మాట్లాడండి, మీ గొంతు మీ చెవి పక్కనుంచే వినపడుతుంది. ఒకడుగు పక్కకు జరిగితే ఆ మాయ పోతుంది. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లకు సరదా తెలుసు. అక్కడి శబ్దం కొండెక్కుతుంది, ఇక్కడిది తిరిగి మన దగ్గరికే వస్తుంది. అలాగే తలెత్తి చూడండి. పైన చిన్నగా కనిపించే నక్షత్రం నిజానికి కొస నుంచి కొసకు 8 అడుగులు. దాని కోణాల మధ్య టెక్సాస్ అన్న అయిదు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ ఉంటాయి.

గుండ్రటి గోడల మీద ఫొటోలు ఎవరివి? ఏ వరసలో పెట్టారు?

గణతంత్రం నాటి అధ్యక్షులవి, ఆ తర్వాతి గవర్నర్లవి. కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా మిగతావన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. ఇటీవలి వాళ్లు కింద, పాతవాళ్లు పై అంతస్తుల్లో. తర్వాత దేశాధ్యక్షుడైన జార్జ్ డబ్ల్యూ బుష్ చిత్రం కూడా ఇక్కడే వెతుక్కోవచ్చు. ముఖద్వారం దగ్గరున్న రెండు పాలరాతి విగ్రహాలు శామ్ హ్యూస్టన్, స్టీఫెన్ ఆస్టిన్‌లవి. చెక్కింది జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఎలిజబెత్ నే అనే శిల్పి.

గైడ్ తలుపుల దగ్గర అంతసేపు ఎందుకు ఆపుతాడు?

తలుపు కోసం కాదు, దాని మడత బందుల కోసం. వంగి చూడండి. ఇత్తడి బందు, ఒక్కోటి మూడు కేజీల పైన బరువు. దాని మీద నగిషీ మధ్యలో 'టెక్సాస్ క్యాపిటల్' అని పోత పోసి ఉంటుంది. ఈ భవనం కోసమే ప్రత్యేకంగా చేయించినవి. గుబ్బ పట్టుకుంటే అరచేతికి నక్షత్రం తగులుతుంది. నూట ముప్ఫై ఏళ్లుగా ఎన్నో చేతులు తిప్పిన గుబ్బలు, అంచులు నున్నగా అయిపోయాయి. సభా మందిరాల్లో షాండ్లియర్లు చూస్తే, నక్షత్రం ఆకారంలో అమర్చిన బల్బులు టెక్సాస్ అన్న అక్షరాల్లా కనిపిస్తాయి. రాష్ట్రం పేరు మీద వీళ్లకున్న మోజు ఇంతా అంతా కాదు. మా చెల్లెలు ఒక అంతస్తులో నక్షత్రాలు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో వదిలేసింది.

సభ జరుగుతుంటే చూడొచ్చా?

చూడొచ్చు, పైన గ్యాలరీల్లో కూర్చోనిస్తారు. చిక్కల్లా సభ ఎప్పుడుంటుందన్నదే. టెక్సాస్ చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల జనవరిలో మొదలై గరిష్ఠంగా 140 రోజులు నడుస్తుంది. గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే అది వేరు. పడమటి రెక్కలో 150 మంది ప్రతినిధులు, తూర్పు రెక్కలో 31 మంది సెనేటర్లు. సెనేట్‌లో ఉన్న వాల్‌నట్ కర్ర బల్లలు భవనం తెరిచినప్పటివే. సభ లేని రోజుల్లో మందిరాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఫొటోలకు అప్పుడే బాగుంటుంది.

గోపురం మీది విగ్రహం అసలుదేనా?

కాదు. 1888లో పెట్టినది జింకు రేకులది, దాదాపు 16 అడుగులు. ఒక చేత పైకెత్తిన నక్షత్రం, ఇంకో చేత కిందికి దించిన కత్తి. వందేళ్ల ఎండావానలకు పగుళ్లిచ్చి 1985లో హెలికాప్టర్‌తో దించారు. దాని అచ్చు తీసి అల్యూమినియంతో కొత్తది పోశారు. పైకెక్కించడానికి టెక్సాస్ నేషనల్ గార్డ్ హెలికాప్టర్ ప్రయత్నించి కుదరక వెనుదిరిగింది. చివరికి 1986లో మిసిసిపీ నేషనల్ గార్డ్ వచ్చి బిగించి వెళ్లింది. ఈ ముక్క టెక్సాస్ వాళ్లు గట్టిగా చెప్పుకోరు. పాత విగ్రహం నాలుగు వీధుల అవతల బుల్లక్ మ్యూజియంలో ఉంది. దగ్గర్నుంచి చూస్తే మొహం మొరటుగా ఉంటుంది. ముక్కూ, పెదవులూ కావాలనే పెద్దవి చేశారు, కింద నుంచి చూసేవాళ్లకు కనపడాలని.

## మంటలు, మరమ్మతులు

1983లో ఏం జరిగింది?

ఫిబ్రవరి 6 తెల్లవారుజామున భవనంలోనే ఉన్న లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) నివాసంలో నిప్పంటుకుంది. అక్కడ అతిథిగా ఉన్న ఒక యువకుడు చనిపోయాడు. అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి పోరాడి ఆపారు, లేకపోతే ఈ భవనమూ పోయేదే. ఆఫీసులు పెరిగిన కొద్దీ లోపల పార్టిషన్లు, దొంగ సీలింగులు కొట్టుకుంటూ పోయిన సంగతి అప్పుడు అందరికీ కళ్లకు కట్టింది. ఆ ఏడాదే భవనం బాగోగులు చూడ్డానికి ప్రత్యేక బోర్డు ఏర్పాటైంది. పునరుద్ధరణ పూర్తయ్యేసరికి 1995 వచ్చింది.

బయట నుంచి చూస్తే ఇంతే ఉంది. ఇన్ని ఆఫీసులు ఎక్కడ పట్టాయి?

భూమిలో. ఉత్తరం వైపు పచ్చిక మీద నడుస్తుంటే కాళ్ల దగ్గర అద్దాల కప్పులు కనిపిస్తాయి. కింద నాలుగు అంతస్తులున్నాయి. రాతిని తొలిచి 1993కల్లా కట్టారు. పార్కింగ్‌తో కలిపి 6,67,000 చదరపు అడుగులు, పాత భవనానికి దాదాపు రెట్టింపు. పాత భవనం పక్కన కొత్త బ్లాకు లేపి రూపు చెడగొట్టకుండా ఇలా దించడం నాకు చాలా నచ్చిన పని. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న గుండ్రటి బావి లాంటి చోటు ఉంది, గోపురాన్ని తిరగేసి పాతినట్టు. అక్కడ నిలబడి పైకి చూస్తే అసలు గోపురం కనిపిస్తుంది.

డౌన్‌టౌన్‌లో ఇన్ని టవర్లు లేచినా క్యాపిటల్ ఎలా కనిపిస్తోంది?

చట్టం వల్ల. 1983 నుంచి ఊళ్లో కొన్ని చోట్ల నుంచి గోపురం కనిపించే చూపు దారుల్ని గుర్తించి, వాటికి అడ్డంగా ఎత్తు కట్టకూడదని నియమం పెట్టారు. కొన్ని టవర్లు ఒక మూల కోసేసినట్టు వంకరగా ఉండటానికి కారణం అదే. సౌత్ కాంగ్రెస్ వీధిలో నడుస్తూ వస్తే వీధి చివర గోపురం సరిగ్గా నడిమధ్యన నిలబడి ఉంటుంది.

## వెళ్లే రోజు

టికెట్ ఎంత? పెద్దవాళ్లు నడవగలరా?

టికెట్ లేదు, గైడ్ టూర్ కూడా ఉచితం. లోపలికి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టు తరహాలో తనిఖీ ఉంటుంది. లిఫ్టులు ఉన్నాయి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కక్కర్లేదు. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి చూస్తే నేల మీది నక్షత్రం పూర్తిగా కనిపిస్తుంది. అంతకు పైన గోపురంలోకి సందర్శకుల్ని పంపరు.

ఏ టైమ్‌కు వెళ్తే బాగుంటుంది? ఎంతసేపు పడుతుంది?

లోపల గంటన్నర, చుట్టూ 22 ఎకరాల తోట, స్మారకాలు తిరిగితే ఇంకో గంట. ఎండాకాలం మధ్యాహ్నం వద్దు. మా వాళ్లను జులైలో రెండింటికి తీసుకెళ్లి, రాతి మెట్ల మీద గ్రూప్ ఫొటోకు కూర్చోబెడితే కూర్చున్న వేగంతోనే లేచారు. నాలుగున్నరకు లోపలికి వెళ్లి, పొద్దు వాలే వేళకు దక్షిణం గేటు దగ్గరికి రండి. రాయి రంగు మారేది ఒక పావుగంటే, ఆ టైములో మాత్రం ఫోన్ చార్జింగ్ ఉండేలా చూసుకోండి.